రంగు కింద ఉన్న బోటు

పుదుచ్చేరి నటేశన్ నగర్‌లో సముద్రం కనిపించదు. ఇంటిని ఆనుకుని ఇల్లు, పొద్దస్తమానం బళ్ల హోరు. అయినా మొన్న వేసవిలో ఒక సాయంత్రం ఆ పేటలో ఒక మేడ మీద సముద్రం గురించి తప్ప వేరే మాట లేదు. మాట్లాడినవాళ్లు ఇద్దరు. ఒకరు యానాం దరియాలతిప్పలో పుట్టి, బతుకంతా వేట చేసి, కంటి పరీక్షకు జిప్మర్‌కు వచ్చిన పెద్దాయన. రెండోవాడు ఆయన మేనల్లుడు. ఇక్కడే అద్దెకుంటూ ఒక ఫైబర్ షెడ్డులో నీళ్ల ట్యాంకులు, తలుపులు, అప్పుడప్పుడూ బోట్లు చేస్తుంటాడు.

వీరాంపట్నం వైపు ఒడ్డున ఏళ్ల తరబడి పడి ఉన్న 28 అడుగుల ఫైబర్ బోటును కొని, బాగుచేసి, లారీ మీద యానాం పంపాలని కుర్రవాడి ఆలోచన. మామయ్య కొడుకు కోసమే ఆ తాపత్రయం. పొద్దున ఇద్దరూ వెళ్లి బోటు చూసి వచ్చారు. నేను పక్కింటివాణ్ణి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎవరి వైపు మొగ్గానో దాచను, కానీ ముందు వాళ్ల మాటలు వినాలి.

మామయ్య: నీలం రంగు నిగనిగలాడుతోంది. ముక్కు మీద అమ్మవారి బొమ్మ కూడా వేయించారు. ఎన్నాళ్లుగానో మూలపడ్డ బోటుకి నిన్నగాక మొన్న రంగు ఎందుకు కొట్టారో నువ్వు అడిగావా?

మేనల్లుడు: అమ్మడానికే కొట్టారు, దాంట్లో దాపరికం ఏముంది మావయ్యా? నేను రంగు చూడలేదు. రూపాయి బిళ్ల పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టుకుంటూ పోయాను, నువ్వూ చూశావుగా. పొరలు కలిసి ఉన్నచోట ఖంగుమంటుంది. విడిపోయిన చోట డబ్బుమని మొద్దుగా పలుకుతుంది. ఎడమ పక్క అడుగున మూరెడు, వెనక పలక కింద జానెడు. ఆ రెండు చోట్లే తేడా. మిగతాదంతా గట్టిగా ఉంది.

మామయ్య: ఆ మూరెడు జానెడు చాలవూ? మొగ దాటేటప్పుడు కెరటం మీంచి బోటు కింద పడుతుంది చూడు, ఆ దెబ్బ గట్టిగా ఉన్నచోటు వెతుక్కుని తగలదు. ట్యాంకు మేడ మీద కూర్చుంటుంది, కదలదు. నువ్వు చేసిన పని మంచిదో కాదో దానికి తెలియదు. బోటుకి మొదటి రోజే తెలుస్తుంది.

మేనల్లుడు: అందుకే పైపై పూత పని చేయనంటున్నాను. పగులు మీద ఒక గాజు పీచు మ్యాట్ ముక్క అతికించి రెజిన్ పూసేవాళ్లను నేనూ చూశాను. అది రెండు నెలల్లో అట్టులా లేచిపోతుంది. ఎందుకో తెలుసా? ఆరిపోయిన పాత రెజిన్‌తో కొత్త రెజిన్ ఒకటైపోదు, పట్టుకుని మాత్రమే ఉంటుంది. ఆ పట్టు దొరకాలంటే పాతదాన్ని గ్రైండరుతో గరుకు చెయ్యాలి. అదీ కాస్త కాదు. అక్కడ మందం 6 మిల్లీమీటర్లు ఉంటే దానికి పన్నెండింతలు, అంటే పగులు నుంచి నాలుగు వైపులా 7 సెంటీమీటర్లకు పైగా ఏటవాలుగా చెక్కుకుంటూ పోవాలి. అప్పుడు చిన్న ముక్క, దానికంటే కాస్త పెద్దది, ఇంకాస్త పెద్దది, ఇలా పొరలు పేర్చాలి. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర రెజిన్‌తో కలిసి దాదాపు ఒక మిల్లీమీటరు లేస్తుంది. మధ్యలో నేసిన గాజు పీచు, అదే రోవింగ్, వెయ్యాలి, బలమంతా దానిదే. రోలరుతో గాలి బుడగ లేకుండా నొక్కాలి. బుడగ మిగిలితే రేపు అక్కడే పగులుతుంది.

మామయ్య: వినడానికి బానే ఉంది. ఎండలో చేస్తావా?

మేనల్లుడు: ఎండలో చేస్తే రెజిన్ గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది. మే నెల వేడికి హార్డెనర్ తగ్గించుకోవాలి, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. మంచు తడి ఆరాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ఆపెయ్యాలి. షెడ్డులో కొత్త కుర్రాళ్లకు మేం ముందు చెప్పే మాట ఒకటే: కోబాల్టు, హార్డెనర్ రెండూ నేరుగా కలపకూడదు, కలిపితే అంటుకుంటుంది, పేలుతుంది కూడా. కోబాల్టు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్. పని నాకు తెలుసు మావయ్యా, దాని గురించి బెంగపడకు.

మామయ్య: నీ పని మీద నాకు అనుమానం లేదురా. నీకంటే ముందు ఆ బోటు చేసినవాడి పని మీద నా అనుమానం. అది ఎప్పటి బోటు?

మేనల్లుడు: 2005.

మామయ్య: అదీ సంగతి.

ఆ ఒక్క అంకెతో పెద్దాయన అంత మాట ఎందుకన్నాడో ఈ తీరం ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. తమిళనాడు, పుదుచ్చేరి, కారైకాల్ ఒడ్డున కట్టుమరాలు విరిగి చెల్లాచెదురయ్యాయి. దేశంలోంచీ బయటినుంచీ సాయం వెల్లువెత్తింది. కట్టుమరం పోయినవాడికి కట్టుమరం ఇవ్వాలంటే తగిన కలప లేదు, చేసే తీరిక లేదు. ఫైబర్ బోటు అచ్చులో పోసి రోజుల్లో తీయొచ్చు. దాతలకు లెక్క చెప్పుకోవడానికీ, ఫొటోకీ కూడా అది బాగుంటుంది. రాత్రికి రాత్రి యార్డులు పుట్టుకొచ్చాయి. అంతకుముందు ఫైబర్ ముట్టనివాళ్లు కూడా బోట్లు చేశారు. సునామీకి ముందున్న వాటికంటే ఫైబర్ బోట్లు ఎక్కువయ్యాయి. నాణ్యత లోపాలను, భద్రత లేని బోట్లను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులు అప్పట్లోనే ఎత్తిచూపారు, శిక్షణలు పెట్టారు. అప్పటికే వేల బోట్లు నీళ్లలోకి దిగిపోయాయి. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. కానీ ఎన్ని బోట్లు ఇచ్చామన్నదే లెక్కైంది, ఒక్కో బోటులో ఎన్ని పొరలు వేశారన్నది వాళ్లు అడగలేదు. ఆ తొందర బరువు ఇప్పటికీ ఈ ఒడ్డున వేటగాళ్లే మోస్తున్నారు. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

మేనల్లుడు: 2005లో చేసిన బోట్లన్నీ చెత్తవని అనకు. మంచి యార్డులూ ఉన్నాయి. చెన్నైలో 1979 నుంచి పనిచేసిన బంగాళాఖాతం కార్యక్రమం వాళ్లు, గుల్‌బ్రాండ్సన్ అని నార్వే నుంచి వచ్చిన ఇంజనీరు, ఒడ్డుకి లాగే బోటు ఎలా ఉండాలో ఏళ్లపాటు మన తీరంలోనే నీళ్లలో దింపి చూశారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు కూడా అప్పుడు బోట్లు చేశారు. ఇది ఎవరి చేతిదో చెప్పలేం గానీ, మందం కొలవగలం. అంచు దగ్గర, నీటి గీత దగ్గర, అడుగున చిన్న బెజ్జాలు పెట్టి చూస్తే ఎన్ని పొరలున్నాయో కళ్లకు కనబడుతుంది.

మామయ్య: కలపైతే నాకు బెజ్జం అక్కర్లేదు. తాళ్లరేవు వడ్రంగి నావ చుట్టూ ఒక్కసారి తిరిగి, ఇదిగో ఈ పలక పోయింది, ఇది ఇంకో ఏడు ఆగుతుంది అని చెప్పేవాడు. పలక మార్చేవాడు, నార కూరేవాడు, నావ మళ్లీ వేటకెళ్లేది. మన కోరంగిలో దొరల కాలంలో పెద్ద పెద్ద ఓడల్నే రేవులోకి లాగి బాగుచేసేవాళ్లట. కలప పుచ్చితే కనబడుతుంది, మెత్తబడుతుంది, వాసన వేస్తుంది. ఈ ఫైబరుకి ముసలితనం కనబడదు. చచ్చేదాకా కుర్రదాని మొహమే.

మేనల్లుడు: ఆ కలపను పురుగు ఎలా తొలిచేసేదో కూడా చెప్పు. కోరంగిని 1839 తుపాను తుడిచిపెట్టింది, అది వేరే సంగతి. మిగిలిన నావల్ని పురుగే తినేసింది. పైకి పలక బాగుండేది, లోపల జల్లెడ. నువ్వే కదా తారు కాచి పూసింది ప్రతి ఏడూ? ఫైబరుకీ వాసన ఉంది మావయ్యా. ఎప్పుడూ నీళ్లలో ఉండే బోటుకి జెల్‌కోట్ అనే పైపూత కింద బొబ్బలు లేస్తాయి. గుచ్చితే పుల్లటి వాసనతో నీళ్లు కారతాయి. నీళ్లు లోపలికి ఇంకి రెజిన్‌ను విడగొడుతున్నాయని గుర్తు. ఈ బోటుకి ఒక్క బొబ్బ లేదు, రంగు గీకి చూశాను.

మామయ్య: ఎందుకుంటుంది? అది రోజూ వేట నుంచి వచ్చి ఇసక మీదకి ఎక్కిన బోటు. ఆరిపోతుంది. దాని జబ్బు బొబ్బలు కాదు, అరుగుడు. అడుగు వెన్ను చూశావా? ఇసకలో ఈడ్చి ఈడ్చి గాజు పీచు బయటపడింది, చెయ్యి పెడితే గుచ్చుకుంటోంది. ఇప్పుడు దాన్ని తిప్పకి తీసుకెళ్లి ఏం చేస్తావు? మన దగ్గర బోటు ఏటి పాయలో కట్టి ఉంటుంది, రాత్రీ పగలూ నీళ్లలోనే. ఇరవై ఏళ్లు ఎండకి పగుళ్లు పట్టిన ఒళ్లుని ఒకేసారి నీళ్లలో నానబెడితే ఆ బొబ్బలు అప్పుడు రావూ?

కుర్రవాడు దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. షెడ్డులో పనిచేసేవాడికి అచ్చు తెలుసు, రెజిన్ తెలుసు. బోటు ఏ ఒడ్డున ఎలా బతుకుతుందో వేట చేసినవాడికే తెలుస్తుంది. నేను పెద్దాయన వైపు మొగ్గింది అప్పుడే.

మేనల్లుడు: వస్తాయి. ఏమీ చెయ్యకపోతే వస్తాయి. అడుగంతా గీకి, మంచినీళ్లతో కడిగి, షెడ్డులో నెలపాటు ఆరబెట్టి, ఎపాక్సీ పూతలు వేస్తే నీళ్లు ఇంకడం బాగా తగ్గుతుంది. పొరల పని ముందు పూర్తిచేసి చివర్లో ఎపాక్సీ వెయ్యాలి. ఎపాక్సీ మీద మళ్లీ మామూలు రెజిన్ సరిగ్గా పట్టదు. ఖర్చు పెరుగుతుంది, ఒప్పుకుంటాను.

మామయ్య: మరి లోపలి ఫోమ్?

మేనల్లుడు: దాని గురించే అడుగుతావని తెలుసు.

మామయ్య: అడగనా? 1996 నవంబరు 6 నువ్వు చూడలేదు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప ఊళ్లలో ఏ ఇంటికెళ్లినా ఏడుపే. వేటకెళ్లినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు? తెప్ప తిరగబడినా తేలుతుంది. దుంగలు విడిపోయినా ఒక దుంగ పట్టుకుని ఒకడు బతుకుతాడు. ఫైబరు అలా కాదు, గాజూ రెజినూ నీళ్లకంటే బరువు. నీళ్లు నిండితే దాన్ని పైకి పట్టి ఉంచేది ఆ మూసిన పెట్టెల్లోని ఫోమే. ఇన్నేళ్లలో ఆ పెట్టెలకి పగుళ్లు వచ్చి ఉంటే ఫోమ్ నీళ్లు తాగి ఉంటుంది. తేల్చాల్సింది ముంచుతుంది. పొద్దున ఒడ్డునున్నవాళ్లతో కలిసి నలుగురం ఎత్తబోతే కదిలిందా?

మేనల్లుడు: కదల్లేదు. నాకూ బరువు అనుమానం వచ్చింది. పెట్టెలు కోసి పాత ఫోమ్ అంతా తీసెయ్యాలి, అందులో మొహమాటం లేదు. నీళ్లు పీల్చని రకం కొత్తది నింపి పైన మూడు పొరలతో మూసెయ్యాలి. తర్వాత బోటును నీళ్లలో దింపి కావాలని నీళ్లతో నింపి, ఇంజన్ బరువు, నలుగురు మనుషుల బరువు పెట్టి తేలుతుందో లేదో చూడాలి. అది తేలకపోతే నేనే వద్దంటాను.

మామయ్య: ఇంత కోసి, ఇంత నింపి, ఇంత పూసి... ఇంక పాత బోటు ఎంత మిగిలిందిరా? కొత్తది కొనుక్కోవచ్చుగా? 2020లో వచ్చిన మత్స్య సంపద పథకంలో మనలాంటివాళ్లకి 40 శాతం ఇస్తారు. కోడలి పేరు మీద రాస్తే 60. రిజిస్ట్రేషను యానాంలోనే అయిపోతుంది, సరికొత్త నంబరు. ఈ పాత బోటుకి ఎవరి పేరు మీద ఏ కాయితం ఉందో!

మేనల్లుడు: కాయితం నిన్ననే అడిగాను, ఉంది. ఇక్కడైనా యానాంలోనైనా మనది ఒకే మత్స్యశాఖ కాబట్టి పేరు మార్పిడి కష్టం కాదు. కాయితం లేని బోటైతే నేనూ ముట్టను. ఇక సబ్సిడీ మాట. 60 శాతం ఇచ్చినా మిగతా 40 మనం తేవాలి. బావ ఇప్పటికే వలకి అప్పు చేశాడు. దరఖాస్తు పెట్టి ఎదురుచూసే రోజుల్లో కలాసీగా ఇంకొకడి బోటు ఎక్కాలి. నేను చేసేదానికి కూలి లేదు. మ్యాట్, రెజిన్ మా షెడ్డు వాడి ధరకే వస్తాయి.

మామయ్య: నీ కూలికి లెక్క లేదా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ ప్రతి బోటువాడూ మరమ్మతుకే వస్తాడు, నీకు నాలుగు డబ్బులు కనబడేది అప్పుడే. ఆ రోజులు మాకోసం పోగొట్టుకుంటావా?

మేనల్లుడు: పోగొట్టుకుంటాను. నన్ను చదివించింది నువ్వు.

మామయ్య: ఆ మాట తేవద్దు. బోటు సంగతి మాట్లాడు.

మేనల్లుడు: సరే, బోటు సంగతే. మనం కొనకపోతే అది ఏమవుతుంది? వైతికుప్పం, సోలైనగర్ వైపు చూశావా? హార్బరు కట్టాక ఉత్తరాన ఇసకంతా కోసుకుపోయింది, రాళ్లు పోశారు. గాంధీ విగ్రహం దగ్గర మాత్రం 2018లో నీళ్లలో అడ్డుకట్ట వేశాక కాస్త ఇసక చేరింది. బోటు లాగడానికే చోటు లేనప్పుడు చచ్చిన బోటుకి చోటెక్కడ? కోసి తగలబెడతారు. నల్లటి పొగ పేటంతా కమ్ముతుంది. ప్లాస్టిక్ బిందెలాగా దాన్ని కరిగించి ఇంకోటి చెయ్యలేం, ఒకసారి గట్టిపడ్డ రెజిన్ మళ్లీ కరగదు. ఫ్రాన్సులో 2019 నుంచి పాత విహార బోట్లను డబ్బు తీసుకోకుండా విప్పి పారేసే ఏర్పాటు ఉంది. కొత్త బోట్లు చేసే కంపెనీలు దానికి చందా కట్టాలి. మన చేపల బోట్లకి అలాంటిది లేదు. ఇచ్చేటప్పుడు ఇంతమంది వచ్చారు, తీసుకెళ్లడానికి ఒక్కడూ రాడు.

మామయ్య: ఒడ్డు మీద చెత్త పెరుగుతుందని నా కొడుకుని దాంట్లో ఎక్కించమంటావా?

మేనల్లుడు: అలా అనలేదు మావయ్యా.

మామయ్య: ఆ అర్థమే వచ్చింది. పైగా నువ్వు గ్రైండరు పెడితే లేచే పొడి ఎక్కడికి పోతుంది? గాజు పొడే కదా అది? కోరంగి మడ అడవుల పక్క పాయలో నీళ్లు, ఆ నీళ్లలో గుల్లలు, అవి ఏరుకుని తినే జనం...

మేనల్లుడు: నిజమే. ఇంగ్లండులో చిచెస్టర్ రేవు దగ్గర ఆలిచిప్పల్లో గాజు పీచు దొరికిందని 2024లో చెప్పారు. కిలో మాంసంలో 11 వేలకు పైగా రేణువులు, బోట్లు బాగుచేసే యార్డులకి దగ్గర్లోనే. అందుకే యానాం పంపాక ఆ పని చేయను. ఇక్కడే షెడ్డులో, నాలుగు వైపులా టార్పాలిన్ కట్టి, కింద పరిచి, పొడి సంచుల్లోకి ఎత్తుకుంటాం. మాస్కు లేకుండా ఎవణ్ణీ ముట్టనివ్వను. ఒడ్డు మీద బహిరంగంగా గ్రైండరు పెట్టేవాళ్లను చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది.

ఇక్కడ నేను కల్పించుకున్నాను. పాత బోటు బాగుచేయడం తప్పనీ, కొత్తదే శరణ్యమనీ నేననుకోను. కుర్రవాడు చెప్పినట్టు చేస్తే, అంటే పెట్టెలు కోసి, పొరలు లెక్కపెట్టి, నీళ్లు నింపి తేల్చి చూస్తే, అది చాలా కొత్త బోట్లకు జరగని పరీక్ష. కానీ ఆ పరీక్ష కొన్నాక చేస్తే లాభం లేదు. డబ్బు పెట్టాక మనసు మాట మార్చేస్తుంది. ఇంత పెట్టాం, ఇంకొంచెం పెడదాం అనిపిస్తుంది. చివరికి వెనక పలక పుచ్చిందని తెలిసినా పైన ఇంకో రెండు పొరలు వేసి సరిపెట్టుకుంటాం. పెద్దాయన భయపడేది ఆ సరిపెట్టుకోవడానికేననీ, ఆ భయం న్యాయమైనదనీ అన్నాను.

మామయ్య: విన్నావా? ఇంజన్ కూర్చునే వెనక పలక లోపల ఏముంది?

మేనల్లుడు: ప్లైవుడ్. రెండు పక్కలా ఫైబర్ పొరలు.

మామయ్య: ఇంజన్ బోల్టులకి ఎన్ని బెజ్జాలు పెట్టారు?

మేనల్లుడు: పాతవి నాలుగు, ఇంజను మార్చినప్పుడు పెట్టినవి ఇంకో నాలుగు. పాత బెజ్జాల్లో పుట్టీ కూరారు.

మామయ్య: పుట్టీ! బోల్టు ఉన్నన్నాళ్లూ ఆ సందులోంచి ఉప్పునీళ్లు లోపలికి కారి ఉంటాయి. తర్వాత దాన్ని మూసేశారు. లోపలికెళ్లిన నీళ్లు బయటికి వచ్చే దారి లేదు. జానెడు మేర డబ్బుమందన్నావే, అది సరిగ్గా ఆ బెజ్జాల కిందే. సంద్రం మధ్యలో ఇంజను పలకతో సహా ఊడి పడితే ఏం చేస్తాడు వాడు?

మేనల్లుడు: పలక మొత్తం మార్చొచ్చు. లోపలి వైపు నుంచి కోసి, పుచ్చిన ప్లైవుడ్ తీసి, మెరైన్ ప్లై రెజిన్‌లో నానబెట్టి కూర్చోబెట్టి, పక్క గోడల మీదకి బాగా పొడుగ్గా పొరలు పాకించాలి. వారం రోజుల పని. కానీ ముందు చూడకుండా ధర చెప్పడం తప్పే. లోపలి వైపు నుంచి మూడు చోట్ల సన్న డ్రిల్లు దింపుదాం. పొడి చెక్క రంగులో పొడిపొడిగా వస్తే ప్లైవుడ్ బాగున్నట్టు. నల్లగా, తడిగా, డ్రిల్లుకి అంటుకుని వస్తే పోయినట్టు.

మామయ్య: పోయినట్టు తేలితే?

మేనల్లుడు: పలక ఒక్కటే పోతే బేరం తగ్గించి కొంటాను. పలకా పోయి, అడుగున పొరలు కూడా పలచగా ఉంటే వదిలేస్తాను.

మామయ్య: పలకా అడుగూ రెండింట్లో ఏది పోయినా వదిలెయ్యాలి.

మేనల్లుడు: పలక నేను మార్చగలను మావయ్యా. అడుగు మార్చలేను.

మామయ్య: సరే. అడుగు మందం నా కళ్లముందు కొలు. 6 మిల్లీమీటర్లకు తగ్గితే ఇంకో మాట లేదు. డ్రిల్లు కూడా నా ముందే దింపాలి.

మేనల్లుడు: అమ్మేవాడు ఒప్పుకోవాలిగా? డబ్బు ముట్టకుండా బోటుకి బెజ్జాలు పెట్టనిస్తాడా?

మామయ్య: బెజ్జాలు నువ్వే పూడ్చి ఇస్తానను, ఎటూ నీ పని అదే. కావాలంటే కాస్త బయానా అతని చేతిలో పెట్టు. అప్పటికీ కాదన్నాడంటే లోపల ఏముందో అతనికి తెలుసన్నమాట.

మేనల్లుడు: రేపు వెళ్లి అడుగుతాను.

మామయ్య: రేపెందుకు? ఫోను ఇప్పుడే చెయ్యి. ఎనిమిది దాటితే పడుకుంటారు, తెల్లవారకముందే లేవాలి వాళ్లు. అన్నట్టు తమిళంలో సరిగ్గా చెప్పు, బెజ్జాలు లోపలి వైపు నుంచేనని.